ఏ కేసు, ఎవరి ముందుకు, ఎప్పుడు

జూన్ నెలాఖరు వచ్చిందంటే అమెరికా పత్రికల్లో ఒకే రకం బొమ్మ కనపడుతుంది. వాళ్ల సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మందినీ ఒక గీత మీద ఎడమ నుంచి కుడికి, అంటే ఉదారవాదుల నుంచి సంప్రదాయవాదుల దాకా, పేరుస్తారు. ఎవరు ఎవరితో ఎన్ని కేసుల్లో ఏకీభవించారో పక్కన శాతాలు వేస్తారు. డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకు అలాంటి బొమ్మ ఒకటి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "మన సుప్రీంకోర్టుకి ఇలాంటిది ఎందుకు లేదు మామయ్యా? ఇంతమంది సాఫ్ట్‌వేర్ వాళ్లం ఉన్నాం కదా" అన్నాడు. వాళ్ల నాన్న, అంటే మా బావ, హైదరాబాద్‌లో హైకోర్టు లాయరు. ఆయన కింద ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు: "మనకి గీత ఎందుకురా, కాజ్‌లిస్ట్ చాలు."

కాజ్‌లిస్ట్ అంటే ఏ రోజు ఏ కేసు ఏ బెంచ్ ముందుకొస్తుందో కోర్టు వేసే జాబితా. గ్రూపులో నవ్వు బొమ్మలు పడ్డాయి. నాకు మాత్రం ఆ మాట రెండు మూడు రోజులు వదల్లేదు. నా ఉద్యోగం డేటాతోనే. ఏ పట్టిక చేతికొచ్చినా అందులో అంకెల సంగతి తర్వాత, అసలు ఆ వరుస ఆ పట్టికలోకి ఎలా వచ్చిందని అడగడం నాకు అలవాటు. కోర్టు విషయంలో బావ అన్నదీ అదే. కేసు గెలుస్తామా అని క్లయింటు అడిగితే ఆయన నోట మొదట వచ్చే మాట, "చట్టం తర్వాత చూద్దాం గానీ, ముందు ఏ బెంచ్‌కి పడుతుందో చూడనివ్వు."

సుప్రీంకోర్టు జడ్జీలు ఎలా తీర్పులిస్తారో డేటాతో చదవాల్సిందేనన్నది నా అభిప్రాయం. అందులో కోర్టుకి అవమానమేమీ లేదు. కానీ అమెరికా వాళ్ల పద్ధతిని ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి ఓట్లు లెక్కపెడితే మనకి దక్కేది తక్కువ. మన దగ్గర నిర్ణయంలో పెద్ద భాగం తీర్పు రాయకముందే అయిపోతుంది: కేసు ఎవరి ముందు పడింది, ఎప్పుడు పడింది, ఎన్నాళ్లు పడలేదు. ముందు లెక్కపెట్టాల్సినవి ఇవీ.

అక్కడ గీత ఎందుకు నిలబడింది

అమెరికాలో ఈ పని కొత్తదేం కాదు. రూజ్వెల్ట్ కాలపు కోర్టులో ఎవరు ఎవరితో కలిసి ఓటేశారో పట్టికలు వేసి హెర్మన్ ప్రిచెట్ 1948లోనే పుస్తకం తెచ్చాడు. తర్వాత హెరాల్డ్ స్పేత్ ఒక్కో కేసుకీ వందల గడులు నింపుతూ పెద్ద డేటాబేస్ కట్టాడు. ఇవాళ అమెరికా జడ్జీల మీద వచ్చే లెక్కల్లో చాలావాటికి ఆధారం అదే. ఒక్కో జడ్జి ఏ ఏడాది గీత మీద ఎక్కడున్నాడో ఓట్ల నుంచే లెక్కగట్టే పద్ధతిని మార్టిన్, క్విన్ అనే ఇద్దరు 2002లో ఇచ్చారు.

అదే ఏడాది అక్టోబరులో మొదలైన కోర్టు సంవత్సరానికి వాళ్లే మరో ఇద్దరితో కలిసి ఒక పోటీ పెట్టారు. ఒక పక్క ఆరే ఆరు విషయాలు చూసే చిన్న కంప్యూటర్ మోడల్, ఇంకో పక్క ఎనభై పైచిలుకు న్యాయ నిపుణులు. మోడల్‌కి తెలిసింది కేసు ఏ కింది కోర్టు నుంచి వచ్చింది, ఏ రకం వివాదం, అటు ఎవరు, ఇటు ఎవరు లాంటివి. చట్టం ఏం చెబుతోందో దానికి తెలియదు. అయినా కేసు ఫలితాల్లో మోడల్ 75 శాతం సరిగ్గా చెప్పింది, నిపుణులు 59 దగ్గర ఆగిపోయారు. ఈ కథ అందరూ చెప్పుకుంటారు. అదే పోటీలో ఒక్కో జడ్జి ఓటు ఎటు పడుతుందన్న దాంట్లో నిపుణులే వెంట్రుకవాసి ముందున్నారన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

2017లో వచ్చిన ఇంకో మోడల్ దాదాపు రెండు వందల ఏళ్ల తీర్పుల మీద 70 శాతం చేరింది. అంకె వినగానే నోరు తెరవక్కర్లేదు. ఆ కోర్టు విచారణకి తీసుకున్న కేసుల్లో ఇటీవలి దశాబ్దాల్లో సుమారు మూడింట రెండొంతుల్లో కింది కోర్టు తీర్పు తిరగబడుతోంది. ఏమీ చదవకుండా ప్రతిసారీ "తిరగబడుతుంది" అని రాసినా ఇంచుమించు దరిదాపుల్లోనే ఉంటాం.

ఇంత పని అక్కడ ఎందుకు సాధ్యమైంది? తొమ్మిది మందీ ఒకే గదిలో కూర్చుని అదే కేసు వింటారు. ఏటా పూర్తి వాదనలు విని తేల్చేవి అరవై, డెబ్భై. ప్రతి కేసులోనూ ప్రతి జడ్జీ ఎటున్నాడో రికార్డవుతుంది. పదవి జీవితాంతం కాబట్టి ఒకే మనిషిని ఇరవై, ముప్పై ఏళ్లు చూడొచ్చు. ఒకే ప్రశ్నపత్రం తొమ్మిది మందికిచ్చి జవాబులు పోల్చినట్టన్నమాట. అప్పుడు తేడా కనిపిస్తే ఆ తేడా మనిషిదే.

మన పట్టికలో ఓటు గడి

2023 జనవరిలో సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ అనే వెబ్‌సైట్ తెరిచి వేల కొద్దీ తీర్పులు ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. అంతకుముందు లాయర్లు డబ్బు కట్టి తెచ్చుకునేవి మనలాంటి వాళ్లకి కూడా దొరికాయి. గొప్ప పని. ఆ సంబరంలో నేనూ కొన్ని సాయంత్రాలు కూర్చుని తీర్పులు దించుకుని గడుల్లోకి సర్దాను. తేదీ, పార్టీలు, జడ్జీల పేర్లు, రాసింది ఎవరు, ఒప్పుకోనిది ఎవరు.

చివరి గడి దాదాపు ఖాళీగానే ఉంటుంది. పేజీలకు పేజీలు కిందకి జరిపినా అంతే. మన కోర్టులో 2019 నుంచి 34 మంది దాకా ఉండొచ్చు గానీ, వాళ్లందరూ కలిసి ఏ కేసూ వినరు. మామూలుగా ఇద్దరిద్దరు, అప్పుడప్పుడు ముగ్గురు. ఒకరు రాస్తారు, ఇంకొకరు సంతకం పెడతారు. ఆ రెండో ఆయన మనసులో ఏముందో పట్టికకి తెలియదు. ఇద్దరూ విడిపోతే కేసు తేలదు, పెద్ద బెంచ్‌కి పోతుంది. 2022 అక్టోబరులో హిజాబ్ కేసులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పూ ఇచ్చారు. రెండేళ్లు గడిచినా దాని కోసం పెద్ద బెంచ్ కూర్చోలేదు. అందుకని ఇద్దరి బెంచ్‌లో అభిప్రాయభేదానికి ఖరీదెక్కువ. ఆ ఖరీదు తెలిసి సర్దుకుపోయే సందర్భాలుంటాయని ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఇంకో చిక్కు ఇంతకన్నా పెద్దది. ఈ-ఎస్‌సీఆర్‌లో ఉండేవి అచ్చుకెక్కిన తీర్పులు. సుప్రీంకోర్టు చేసే పనిలో ఎక్కువ భాగం ఎస్‌ఎల్‌పీలు, అంటే అప్పీలుకి ప్రత్యేక అనుమతి అడిగే పిటిషన్లు. సోమవారం, శుక్రవారం అడ్మిషన్ల రోజున ఒక్కో బెంచ్ ముందు పదుల కేసులు. ఒక్కోదానికి కొన్ని నిమిషాలు. "జోక్యం చేసుకోవడానికి కారణం కనపడలేదు, పిటిషన్ కొట్టివేస్తున్నాం" అని రెండు వాక్యాలు. ఆదిలాబాద్‌లోనో శ్రీకాకుళంలోనో పొలం తగాదాతో ఇరవై ఏళ్లు తిరిగి ఢిల్లీ దాకా వెళ్లినవాడికి ఆ రెండు వాక్యాలే సుప్రీంకోర్టు. అచ్చయిన తీర్పుల్ని మాత్రమే మోడల్‌కి తినిపించి "భారత జడ్జీల ఆలోచనా విధానం" అని పేరు పెడితే, తలుపు దాటి లోపలికొచ్చిన కొద్దిమంది కథనే అందరి కథగా చెప్పినట్టవుతుంది.

మన కోర్టులో ఓట్లు లెక్కపెట్టగలిగిన రోజులూ ఉన్నాయి. 1960ల మొదట్లో ఐదుగురికి తక్కువ కాకుండా కూర్చునే రాజ్యాంగ ధర్మాసనాలు ఏటా వందకు పైగా తీర్పులిచ్చేవి. 2000 దశకంలో ఆ సంఖ్య ఏడాదికి పది లోపుకి పడిపోయింది. ఆ పాతరోజుల మీద జార్జ్ గాడ్బోయిస్ అనే అమెరికన్ లెక్కలు వేశాడు. ఆ కాలంలో ఎక్కువగా విడిగా నిలబడిన జడ్జి ఎవరంటే మన రాజమండ్రి కోకా సుబ్బారావు గారు.

ఆయన్ని ఆ గీత మీద ఎక్కడ పెడతారో చెప్పండి. పోలీసులు రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు తట్టడం ఒక్కటే కాదు, నిఘా మొత్తమే వ్యక్తి స్వేచ్ఛకి దెబ్బ అని ఖరక్ సింగ్ కేసులో 1962లో మైనారిటీ తీర్పు, అంటే బెంచ్‌లో తక్కువమంది వైపు తీర్పు, రాశారు. 2017లో గోప్యత హక్కు కేసులో తొమ్మిది మంది జడ్జీలు సరైనదని తేల్చింది ఆ మైనారిటీ మాటనే. ఈ లెక్కన ఎడమ చివర పెట్టాలి. 1967లో గోలక్‌నాథ్ కేసులో ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు ఉండగా, ప్రాథమిక హక్కుల్ని తగ్గించే అధికారం పార్లమెంటుకి లేదని తేల్చింది ఆయన నాయకత్వంలోని మెజారిటీ. దాని వెనక ఉన్నది భూసంస్కరణల తగాదా, ఆస్తి హక్కు. ఈ లెక్కన కుడి చివర పెట్టాలి. ఆయన మాత్రం రెండు చోట్లా ఒకే మాట అన్నట్టు నాకు కనపడుతుంది: సర్కారు చెయ్యి ఇంతవరకే. ఆ మాట అమెరికా గీత మీద ఇమడదు. ఆయన ఆ ఏడాదే రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు కాబట్టి గీతను ఇంకో మెలిక తిప్పాలేమో కూడా.

గాడ్బోయిస్ కూడా చివరికి లెక్కలతో ఆగలేదు. 1980ల్లో ఇండియా వచ్చి జడ్జీల ఇళ్లకి వెళ్లి కూర్చుని మాట్లాడాడు. 1950 నుంచి 1989 దాకా కోర్టుకొచ్చిన 93 మంది గురించి రాసిన పుస్తకం 2011లో వచ్చింది. అందులో ఎక్కువ భాగం ఎవరు ఎలా ఎంపికయ్యారన్నదే. లెక్కలతో మొదలైనవాడు కూడా తీర్పుకి ముందు జరిగేదాని దగ్గరికే చేరాడు.

ముగ్గురు మనుషులు, మూడు బెంచ్‌లు

బెంచ్ మారితే ఫలితం మారుతుందని నేనంటే కోర్టు ధిక్కారంలా ధ్వనిస్తుందేమో. సుప్రీంకోర్టే రాసి పెట్టిన కేసు ఒకటుంది.

ఉత్తరప్రదేశ్‌లో ఒక కుటుంబంలో నలుగుర్ని చంపిన కేసులో ముగ్గురికి ఉరిశిక్ష పడింది. నేరం ఒకటే, సాక్ష్యం ఒకటే, ముగ్గురి పాత్రా ఒకటే. మొదటివాడి పిటిషన్ని 1976లో ఒక బెంచ్ కొట్టేసింది. రెండోవాడి కేసు 1977లో ఇంకో బెంచ్ ముందుకొస్తే శిక్ష యావజ్జీవానికి తగ్గింది. మూడోవాడి పిటిషన్ని 1978లో మరో బెంచ్ కొట్టేసింది. 1981 అక్టోబరులో మొదటివాణ్ణి ఉరి తీశారు. మూడోవాడు ఆఖరి ఘడియలో మళ్లీ కోర్టుకెక్కి స్టే తెచ్చుకున్నాడు. అప్పుడు గానీ ముగ్గురి కాగితాలూ ఒక్కచోటికి రాలేదు. 1982 ఫిబ్రవరిలో, హర్బన్స్ సింగ్ తీర్పులో, అతని శిక్ష తగ్గించమని కోర్టు రాష్ట్రపతికి సిఫార్సు చేసింది. ఉరి తీసినవాడి విషయంలో చెయ్యగలిగింది ఏమీ లేదు.

అదే ఏడాది ఆగస్టులో జస్టిస్ భగవతి బచన్ సింగ్ కేసులో తన అసమ్మతి తీర్పుకి కారణాలు విడుదల చేశారు. ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమేనని మిగిలిన నలుగురూ 1980లోనే తేల్చారు. ఆయన తన వాదనకి వాడుకున్న సాక్ష్యాల్లో బ్లాక్‌షీల్డ్ అనే ప్రొఫెసర్ వేసిన లెక్క ఒకటి. 1972 నుంచి 1976 దాకా సుప్రీంకోర్టు చావా బతుకా అని తేల్చిన 70 కేసులు తీసి, ఏ బెంచ్ ఏం చేసిందో ఆయన పోల్చాడు. మనిషి బతకడం, చావడం బెంచ్ కూర్పు మీద ఆధారపడుతోందని భగవతి రాశారు. జడ్జీల మీద డేటా పాశ్చాత్యుల కొత్త సరదా అనేవాళ్లు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి. నలభై ఏళ్ల కిందటే మన సుప్రీంకోర్టు జడ్జి ఒకాయన దాన్ని తీర్పులో సాక్ష్యంగా ఎక్కించారు. ఓడిన పక్షాన ఎక్కించారు, అది వేరే సంగతి.

బ్లాక్‌షీల్డ్ చూసింది ఒక్కో జడ్జి భావజాలం కన్నా ముందు, ఏ కేసుకి ఏ బెంచ్ దొరికిందన్నది. మనకి కావలసిన పద్ధతి అప్పుడే దొరికింది. మనమే వదిలేశాం.

రోస్టర్ ఎవరి చేతిలో

బెంచ్ కూర్పు గుడ్డిగా జరిగితే ఇందులో అదృష్టం, దురదృష్టం తప్ప ఏమీ లేదనుకోవచ్చు. కానీ ఏ కేసు ఎవరికివ్వాలో నిర్ణయించేది ప్రధాన న్యాయమూర్తి. 2017 నవంబరులో ఒక మెడికల్ కాలేజీ లంచం ఆరోపణల కేసుని ఐదుగురు అత్యంత సీనియర్ జడ్జీల ముందు పెట్టాలని జస్టిస్ చలమేశ్వర్ బెంచ్ ఆదేశించింది. మర్నాడే ప్రధాన న్యాయమూర్తి నాయకత్వంలో ఐదుగురు కూర్చుని ఆ ఆదేశాన్ని రద్దు చేశారు. రోస్టర్‌కి, అంటే ఏ కేసులు ఏ బెంచ్‌కో చెప్పే పట్టికకి, యజమాని ప్రధాన న్యాయమూర్తి ఒక్కరేనన్నారు. రెండు నెలలు తిరిగేసరికి, 2018 జనవరి 12న, చలమేశ్వర్ గారింటి పచ్చికలో నలుగురు సీనియర్ జడ్జీలు విలేకరుల ముందుకొచ్చారు. దేశానికి ముఖ్యమైన కేసుల్ని సహేతుకమైన ఆధారం లేకుండా ఎంచిన బెంచ్‌లకి ఇస్తున్నారన్నది వాళ్ల లేఖలోని ఫిర్యాదు. ఆ ఫిబ్రవరిలో ఏ సబ్జెక్టు ఏ బెంచ్‌కో మొదటిసారి బయటపెట్టారు. జులైలో కోర్టు మళ్లీ అదే మాట ఖాయం చేసింది: యజమాని ఒక్కరే.

రాజ్యాంగ ధర్మాసనాల తీర్పులు 2009 దాకా లెక్కపెట్టినవాళ్లకి ఒక విషయం దొరికింది. ప్రధాన న్యాయమూర్తి మైనారిటీలో పడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బెంచ్‌ని కూర్చినవారే ఆ బెంచ్‌లో కూర్చుంటే, దాదాపు ఎప్పుడూ గెలిచే పక్షానే ఉంటున్నారన్నమాట.

ఇక్కడ నా వాదన సాఫీగా పోదు. 2017 ఆగస్టులో ముమ్మారు తలాక్ కేసులో జస్టిస్ ఖేహర్, 2022 నవంబరులో ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవారి రిజర్వేషన్) కేసులో జస్టిస్ లలిత్, 2023 అక్టోబరులో స్వలింగ వివాహాల కేసులో జస్టిస్ చంద్రచూడ్ ముగ్గురూ ప్రధాన న్యాయమూర్తులుగా ఉండి, తామే కూర్చిన ఐదుగురి బెంచ్‌లో 3-2తో ఓడారు. యజమాని తనకి అనుకూలమైనవాళ్లనే కూర్చుకుంటాడనుకుంటే ఇది ఎలా జరిగింది? ఎవరు ఎటు ఉంటారో వాళ్లకీ ముందు తెలియకపోవచ్చు. లేదా ఆ పాత లెక్కలో చీఫ్‌తో ఏకీభవించడం వెనక ఉన్నది బెంచ్ కూర్పు కాక మర్యాద కావచ్చు. మూడు కేసులతో ఏదీ తేలదు. ముగ్గురు ఓడినంత మాత్రాన రోస్టర్ పట్టించుకోవక్కర్లేదని అనుకోను గానీ, బెంచ్ కూర్పు అంటే కుట్ర అని రాసేవాళ్లకి ఈ మూడు తేదీలూ చూపిస్తుంటాను.

వాయిదాలో ఉన్న తీర్పు

నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పే గడి తేదీలది. పేరు బయటపడకుండా పార్టీలకి చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్ల కేసు తీసుకోండి. పిటిషన్లు పడింది 2017లో. 2019 ఏప్రిల్‌లో ఒక మధ్యంతర ఉత్తర్వు, 2021 మార్చిలో స్టేకి నిరాకరణ. ఐదుగురి బెంచ్ కూర్చుని విన్నది 2023 చివర్లో, మూడు రోజులు. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురూ ఏకగ్రీవంగా ఆ పథకం చెల్లదన్నారు. ఓట్లు లెక్కపెట్టే మోడల్‌లో ఇది ఎలా కనపడుతుంది? ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఐదు, అనుకూలంగా సున్నా. స్వతంత్రతకి నూటికి నూరు మార్కులు. ఆ మధ్యలో ముప్పై విడతలుగా 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడయ్యాయి. ఒక సార్వత్రిక ఎన్నిక జరిగిపోయింది. ఆ సంగతి రాసుకోవడానికి ఓటు గడిలో చోటు లేదు.

నోట్ల రద్దు కేసూ అంతే. 2016 డిసెంబరులో ఐదుగురి బెంచ్‌కి పంపారు. తీర్పొచ్చింది 2023 జనవరి 2న, 4-1. జస్టిస్ నాగరత్న ఒంటరిగా అసమ్మతి రాశారు. ఆ అసమ్మతి మీద వ్యాసాలు బోలెడు వచ్చాయి, రావాల్సిందే. కానీ ఆరేళ్ల తర్వాత ఐదుగురూ చెల్లదని అన్నా ఏ బ్యాంకు క్యూ వెనక్కి నడుస్తుంది?

జాప్యానికి వేరే కారణాలున్నాయని బావ వాదిస్తాడు. ఎనభై వేలకు పైగా పెండింగ్ కేసులున్న కోర్టులో ఐదుగురు జడ్జీల్ని రోజుల తరబడి ఒకే కేసుకి కట్టేస్తే రోజువారీ కేసుల బెంచ్‌లు రెండు మూతపడతాయి. బెయిలు కోసం ఎదురుచూసేవాడు ఇంకో వారం లోపలే ఉంటాడు. ఈ మాటలో న్యాయముంది. కానీ 2022లో జస్టిస్ లలిత్ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నది మొత్తం 74 రోజులే. వచ్చీ రాగానే ఏళ్ల తరబడి కదలని ఐదుగురి బెంచ్ కేసులు పాతిక లిస్టు చేయించారు. అదే కోర్టు, అదే పెండింగ్, దాదాపు అదే జడ్జీలు. లిస్టు వేసే చెయ్యి మారింది, కేసులు కదిలాయి. అంటే కదపడం అసాధ్యమేమీ కాదు. మన ప్రధాన న్యాయమూర్తులు తరచూ మారుతుంటారని విసుక్కుంటాం గానీ, లెక్కలవాడికి ఇది వరం. మారిన ప్రతిసారీ ముందు, తర్వాత అని పోల్చడానికి ఒక గీటు దొరుకుతుంది.

ఆకలి మీదున్న జడ్జీలు

ఇలాంటి లెక్కలు ఎంత తేలిగ్గా దారి తప్పుతాయో చెప్పడానికి ఇజ్రాయెల్ కథ ఒకటి చాలు. 2011లో వచ్చిన ఒక అధ్యయనం అక్కడి పెరోల్ బోర్డుల్లో ఎనిమిది మంది జడ్జీల వెయ్యికి పైగా నిర్ణయాలు చూసింది. పొద్దున్నే సుమారు 65 శాతం పిటిషన్లకి అనుకూలత, భోజనం వేళ దగ్గరపడేసరికి దాదాపు సున్నా, తిని రాగానే మళ్లీ 65. జడ్జి కడుపు నిండితే ఖైదీకి విడుదల! ప్రపంచమంతా పాకింది. మన వాట్సాప్‌లోకి కూడా వచ్చింది.

అదే ఏడాది అదే పత్రికలో జవాబు వచ్చింది. కేసుల వరుస గుడ్డిగా వేసింది కాదట. లాయరు లేని ఖైదీల కేసులు విరామానికి ముందు, చివర్లో వచ్చేవి. లాయరు లేనివాడు ఓడిపోవడానికి జడ్జి ఆకలితో పనేముంది? ఆకలి ప్రభావం కొంత ఉందో లేదో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నా దృష్టికి ఆనింది వేరే సంగతి. అంత పేరున్న అధ్యయనానికి గండి పడింది లిస్టు దగ్గర. జడ్జి మనసు చదువుతున్నామనుకున్నవాళ్లు నిజానికి ఎవరో వేసిన వరుసని చదువుతున్నారు.

పేర్లు పెట్టాలా

2019లో ఫ్రాన్సు ఒక చట్టం చేసింది. తీర్పుల డేటాలో జడ్జీల పేర్లు వాడి వాళ్ల పనితీరుని విశ్లేషించినా, పోల్చినా, ముందే ఊహించినా నేరం. ఐదేళ్ల దాకా జైలు. బహిరంగంగా, జనం పేరు మీద ఇచ్చిన తీర్పుల్ని జనం లెక్కపెడితే జైలంటే నాకు మింగుడుపడదు. కానీ వాళ్ల భయం ఉత్త భయం కాదు. మంచి అధ్యయనం కూడా చెడ్డ చేతుల్లో ఎలా మారుతుందో మన దగ్గరే చూడొచ్చు.

ఆనే, దామ్, కో అనే ముగ్గురు 1999 నుంచి 2014 దాకా ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న సుప్రీంకోర్టు కేసుల్ని చదివి 2021లో అచ్చువేసిన పరిశోధన ఉంది. రిటైరయ్యాక ప్రభుత్వం ఇచ్చే పదవుల ఆశ తీర్పుల మీద పడుతోందా అన్నది ప్రశ్న. వాళ్ల ఎత్తుగడ నాకు బాగా నచ్చింది. జడ్జి 65 నిండగానే దిగిపోతాడు, ఆ తేదీ ఎవరూ మార్చలేరు. అది తర్వాతి ఎన్నికలకు చాలా ముందు పడితే పదవి ఇవ్వడానికి ఉన్న ప్రభుత్వానికి వ్యవధి ఉంటుంది, ఎన్నికల అంచున పడితే ఉండదు. వ్యవధి ఉన్న జడ్జీలు ముఖ్యమైన కేసుల్లో ప్రభుత్వం వైపు మొగ్గడం కనపడిందని, అనుకూల తీర్పు స్వయంగా రాయడానికీ తర్వాత పదవి రావడానికీ సంబంధం ఉందని తేల్చారు. వాళ్లు ఓట్లు చూశారు నిజమే, కానీ తాళంచెవి తేదీలోనే దొరికింది.

ఈ ఫలితం మొత్తం మీద సగటు గురించి. ఫలానా జడ్జి ఫలానా పదవికి ఆశపడి ఫలానా తీర్పు రాశాడని దీన్నుంచి ఎవరూ చెప్పలేరు. చెబుతున్నారు మాత్రం. దీన్ని పైపైన విన్నవాళ్లు పేర్ల జాబితాలు తయారుచేసి పంచుతున్నారు. అవతలి పార్టీ వాళ్లు ఇంకో జాబితా. అందుకని జడ్జీకొక మార్కుల కార్డు అనే ఆలోచనకి నేను దూరం. ఒక్కో జడ్జి సుప్రీంకోర్టులో ఉండేది సగటున కొన్నేళ్లే, బెంచ్‌లో పక్కన కూర్చునేవాళ్లు మారుతుంటారు, తనకి ఏ కేసులు రావాలో తన చేతిలో లేదు. వ్యవస్థ గురించి వంద మాటలు చెప్పగల డేటా ఆ మనిషి గురించి ఒక్కటి కూడా నమ్మకంగా చెప్పలేకపోవచ్చు.

బావకి ఇంకో అభ్యంతరం ఉంది. బెంచ్‌ల వారీ లెక్కలు బయటపెడితే మొదట కొనుక్కునేది ఢిల్లీలోని పెద్ద లా ఫర్ములేనట. ఏ బెంచ్ వస్తే వాయిదా అడగాలో, ఏ బెంచ్ ముందు మెన్షన్ చెయ్యాలో (కేసు త్వరగా వినమని నోటితో అడగాలో) యంత్రమే చెబుతుంది. బెంచ్ హంటింగ్, అంటే అనుకూలమైన బెంచ్ కోసం వేట, ఇంకా పెరుగుతుంది. పెరగొచ్చు. కానీ ఆ లెక్కలు వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్నాయి, సీనియర్ల బుర్రల్లో. వాటి ఖరీదు ఒక్క హియరింగ్‌కి లక్షల ఫీజు. ఊరి నుంచి వెళ్లినవాడికి మాత్రమే అవి తెలియవు.

కొన్ని గడులకి ఏ కంప్యూటరూ అక్కర్లేదు, కారణం రాసే అలవాటు చాలు. 2021 ఆగస్టులో కృష్ణా జలాల మీద ఆంధ్రప్రదేశ్ వేసిన కేసు అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ రమణ ముందుకొచ్చింది. తను రెండు రాష్ట్రాలకూ చెందినవాణ్ణని, చట్టపరంగా తేల్చడం తనకిష్టం లేదని, మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంటే సాయపడతానని కోర్టు హాల్లోనే చెప్పారు. ఆంధ్రప్రదేశ్ తీర్పే కావాలంది, కేసు ఇంకో బెంచ్‌కి వెళ్లింది. తప్పుకున్నారు, ఎందుకో అందరికీ తెలిసింది. మిగతా చాలా కేసుల్లో జడ్జి తప్పుకున్నప్పుడు కారణం ఉండదు. ఫైలు ఇంకో హాలుకి పోతుంది, అంతే. చలమేశ్వర్ గారు 2016లో జడ్జీల్ని ఎంపికచేసే కొలీజియం సమావేశాలకి రానన్నది కూడా మినిట్స్ రాయడం లేదనే. ఏడాది తర్వాత కొలీజియం తీర్మానాలు వెబ్‌సైట్‌లోకి వచ్చాయి. ఆకాశమేమీ విరిగిపడలేదు.

కాబట్టి కోర్టుని నేను అడిగేది చిన్నదే. రోస్టర్ ప్రకారం ఫలానా బెంచ్‌కి వెళ్లాల్సిన కేసు ఇంకో బెంచ్‌కి వెళ్లినా, ఫలానా తేదీకి రావాల్సింది లిస్టులోంచి తప్పిపోయినా, ఎందుకో రిజిస్ట్రీ (కోర్టు కార్యాలయం) ఒక్క వాక్యం రాసి ఆ కేసు పేజీలో పెట్టాలి. మోడళ్లు, గీతలు, శాతాలు అవి వచ్చాక చూసుకోవచ్చు.